బావ చెప్పిన నల్లద్దం

మునిశేఖర్‌కి ఏం తక్కువ చెప్పండి? తిరుపతి బైరాగిపట్టెడలో సొంత స్టూడియో ఉంది. కల్యాణమండపాల వాళ్లు పేరు పెట్టి పిలుస్తారు. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే అన్నం తినడానికి తీరిక ఉండదు. భార్య ప్రసన్నకుమారి మాట మంచిది, చేతి వంట ఇంకా మంచిది. ఇన్ని ఉన్న మనిషి సుఖంగా నిద్రపోవాలా, వద్దా? పోడు. ఎందుకంటే ఆ భార్యకి ఒక చెల్లెలు ఉంది. పేరు జాహ్నవి. ఆ పిల్ల కూడా ఫొటోలు తీస్తుంది. బాగా తీస్తుంది. అదీ ఈయన రోగం.

పోనీ ఆ విద్య ఎవరు నేర్పారయ్యా అంటే, ఈయనే. జాహ్నవి డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకి అక్క ఇంటికి వస్తే, మూలన పడి ఉన్న తన పాత కెమెరా చేతికిచ్చి "నొక్కు జానూ, ఏం గాదు" అన్నాడు. ఆమె పిచ్చుకల్ని తీసినా, మిద్దె మీద ఆరేసిన చీరల్ని తీసినా శభాష్ అని మెచ్చుకున్నాడు. అప్పుడు అదో ముచ్చట. మరదలు బావకి శిష్యురాలు అని నలుగురికీ చెప్పుకోవడానికి బాగుండేది. తర్వాత ఆ పిల్ల చిత్తూరులో సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకోవడం మొదలుపెట్టింది. ఒక పెళ్లింట్లో మునిశేఖర్ పక్కనే నిలబడి ఉండగా పెళ్లికొడుకు మేనత్త ఎవరితోనో అంది: "ఆ పాప తీస్తే మనుసులు మాట్లాడతా ఉన్నట్టే ఉంటారు. ఈయన తీస్తే నిలబెట్టినట్టు ఉంటారు." ఆ మాట అన్నావిడ అప్పుడే మరిచిపోయి ఉంటుంది. ఈయన మరవలేదు. ఆ రోజు పులిహోర ముట్టకుండానే విస్తరి మడిచేశాడు.

పైకి మాత్రం ఏమీ తెలియనివ్వడు. మరదలు ఫోనుకి ఫొటో పంపగానే బొటనవేలు బొమ్మ పెట్టేస్తాడు. ఆ తర్వాత దాన్ని వేళ్లతో పెద్దది చేసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎక్కడైనా తప్పు ఉందేమోనని వెతుకుతాడు. దొరికితే ఆ పూట హుషారు. దొరక్కపోతే ప్రసన్నకుమారి మీద విసుక్కుంటాడు. పాపం ఆ ఇల్లాలు, కూరలో ఉప్పు ఎక్కువైందేమో అనుకుంటుంది.

ఒక్క చోట మాత్రం ఆయనకి పోటీ లేదు. చిత్తూరు దగ్గర నెమలిగుంట, అత్తగారి ఊరు. అక్కడి ధర్మరాజుల గుడిలో ఏటా ఎండాకాలంలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అన్నిటికీ పెద్దరోజు అర్జునుడు తపస్సుమాను ఎక్కే రోజు. ఊరి బయట చేలో పొడుగాటి తాటిమాను నాటి, దానికి మెట్లు కొడతారు. అర్జునుడి వేషగాడు మెట్టు మెట్టుకీ పద్యం పాడుతూ కొసకెక్కి, అక్కడి నుంచి నిమ్మకాయలు, పూలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద నిలబడి కొంగు పడతారు. కొంగులో నిమ్మకాయ పడితే కడుపు పండుతుందని నమ్మకం. ఆ రోజు మునిశేఖర్ తీసిన ఫొటోని గుడి కమిటీ వాళ్లు కేలండర్ మీద వేయించి చుట్టుపక్కల ప్రతి ఇంటికీ పంచుతారు. ఫొటో కింద సన్నటి అక్షరాల్లో ఆయన పేరు ఉంటుంది. ఎన్ని పెళ్లిళ్లు తీసినా రాని తృప్తి ఆయనకి ఆ సన్నటి అక్షరాల్లో ఉంది.

అలాంటిది, ఈ ఏడు కమిటీ పెద్ద మునస్వామి ఫోన్ చేశాడు.

"ఏమప్పా శేఖరా, ఈసారి జాహ్నవిని గూడా తీయమన్నాము. మన ఊరి బిడ్డ గదా, యాడేడో తీస్తా ఉండాది, మనం పిలవకుంటే బాగుండదు. ఇద్దరూ తీయండి. ఏది బాగుంటే అది కేలండర్ మీద ఏస్తాము. నువ్వేం అనుకోబాకప్పా."

"అయ్యో, దాంట్లో అనుకునేదానికి ఏముండాది పెద్దాయనా!" అన్నాడు మునిశేఖర్. ఫోన్ పెట్టేసి, తిరుగుతున్న ఫ్యాను ఆపాడు, ఉక్కపోస్తే మళ్లీ వేశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్లు ఎండలో మాడి తీసినవాడు ఇప్పుడు నిన్నగాక మొన్న కెమెరా పట్టిన పిల్లతో పోటీ పడాలట. ఆ పిల్ల గెలిస్తే? నెమలిగుంటలో ప్రతి గోడ మీదా ఆమె పేరు వేలాడుతుంది. అత్తగారింటికి పోయినప్పుడల్లా ఆ గోడ కిందే కూర్చుని కాఫీ తాగాలి.

మరునాడు జాహ్నవే స్టూడియోకి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఏ దాపరికమూ లేకుండా తన మనసులో ఉన్నదంతా చెప్పింది. తపస్సుమాను మీద అర్జునుడి మొహం ఒక్కటే తేటగా ఉండాలి, వెనకున్న కొండలు, కరెంటు తీగలు అన్నీ కరిగిపోవాలి. అలా రావాలంటే లెన్సుని పూర్తిగా తెరవాలి. నడిమధ్యాహ్నం పూర్తిగా తెరిస్తే వెలుతురు పోటెత్తి ఫొటో తెల్లగా పాలిపోతుంది.

"అందుకని ఎన్.డి. ఫిల్టర్ కొందామని బావా. నేనెప్పుడూ వాడలేదు. ఏది కొనాలో నువ్వే చెప్పాల. చెన్నైకి తోడు రా, ఇద్దరం పోయి తెచ్చుకుందాం."

ఎన్.డి. ఫిల్టరంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మనం ఎండలో చలవద్దాలు పెట్టుకుంటామే, లెన్సుకి అలాంటిది. రంగు మార్చకుండా వెలుతురు మాత్రం తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తుందన్నది స్టాపుల్లో చెబుతారు. ఒక్కో స్టాపుకీ వెలుతురు సగానికి సగం పడిపోతుంది. మునిశేఖర్‌కి ఆ లెక్క నిద్రలో లేపి అడిగినా వస్తుంది. జాహ్నవికి కావలసింది మూడు స్టాపులది. ఆ మాట ఆయన నాలుక చివరి దాకా వచ్చింది. "ఆడికే పోయి చూద్దాంలే" అన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే, ఆ ఉదయం బస్సెక్కేటప్పుడు ఆయన మనసులో మోసం లేదు. కడుపుమంట ఉంది, అంతే. తడ దాటి, బోర్డులన్నీ అరవంలోకి మారేదాకా మరదలికి బుద్ధిగా పాఠం చెప్పాడు. చవకవి కొంటే మొహాలు గోధుమరంగుకి తిరుగుతాయన్నాడు. తిప్పితే నలుపు ఎక్కువా తక్కువా అయ్యేవి ఉంటాయి, వాటిని చివరి దాకా తిప్పితే ఆకాశంలో అడ్డంగా మచ్చలు పడతాయన్నాడు. ఉన్న లెన్సుల్లో పెద్దదాని కొలతకి ఫిల్టర్ కొనుక్కుంటే, చిన్నవాటికి రింగు వేసి అదే వాడుకోవచ్చన్నాడు. జాహ్నవి చెవులు అప్పగించి వింది. ప్రతి మాటా నిజమే.

చెడింది కొట్లోనే. కొట్టాయన అద్దాలన్నీ బల్ల మీద గుడ్డ పరిచి వరసగా పెట్టాడు. మునిశేఖర్ మూడు స్టాపులది చేతిలోకి తీసుకుని, ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని రంగు చూస్తున్నాడు. ఇదే తీసుకో అని అనబోతున్నాడు కూడా. ఈలోగా జాహ్నవి తను తీసిన ఫొటోలు కొట్టాయనకి ఫోన్లో చూపించింది. ఆయన ఒక్కొక్కటే జరుపుతూ నోరెళ్లబెట్టాడు.

"సూపర్‌మ్మా! రొంబ బాగుంది. ఇదంతా నువ్వే తీసిందా?" అని, మునిశేఖర్ వైపు గడ్డం చూపించి, "సారు నీ అసిస్టెంటా?" అన్నాడు.

జాహ్నవి పకపకా నవ్వింది. "అయ్యో, కాదు సార్, మా బావ, నా గురువు" అని వెంటనే అంది గానీ, ఏం లాభం! మునిశేఖర్ చెవికి నవ్వు అందింది, గురువు అందలేదు. అసిస్టెంటట! గొడుగు పట్టుకుని, లైటు మోసుకుని వెనక తిరిగేవాడట! ఒళ్లు భగ్గున మండింది. చేతిలో ఉన్న అద్దాన్ని గుడ్డ మీద పెట్టేశాడు. వరసలో చిట్టచివర ఉన్న పది స్టాపులది తీశాడు.

"ఇది తీసుకో జానూ."

జాహ్నవి దాన్ని కంటికి అడ్డం పెట్టుకుంది. "ఏంది బావా, ఏమీ కనపడలే! పెనం మాడు మాదిరి ఉండాది!"

కొట్టాయన కూడా అడ్డుపడ్డాడు. "రొంబ డార్కు సార్. పగటి ఫొటోకి ఇది ఎందుకు? మూడు చాలునే."

"మా చిత్తూరు ఎండ నీకేం తెలుసన్నా?" అన్నాడు మునిశేఖర్, కళ్లు ఎత్తకుండా. "బయలు చేలో నడిపొద్దున నిలబడి చూడు, తెలుస్తాది."

కొట్టాయన భుజాలెగరేసి ఊరుకున్నాడు. జాహ్నవి పర్సు తీసింది. బావ చెప్పాడు, కొనేసింది. తిరుగు ప్రయాణంలో మునిశేఖర్ కిటికీకి తలానించి నిద్ర నటించాడు. ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, పొరపాటైంది, మార్చుకుందాం పద అనాలనిపించింది. పక్క సీట్లో ఆ పిల్ల ఫోను చూసుకుంటూ కూర్చుంది. అసిస్టెంటు అన్న మాట గుర్తొచ్చి, నోరు మళ్లీ మూసుకున్నాడు.

తపస్సుమాను రోజు నెమలిగుంటలో జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. మైకుసెట్టులో హార్మోనియం చెవులు గింగురుమనిపిస్తోంది. వేషగాడు ఓబయ్య జడలు కట్టి, రుద్రాక్షలు వేసుకుని, అర్జునుడై మాను దగ్గరికి వచ్చాడు. మునిశేఖర్ ఎప్పుడూ నిలబడే చోటే మానుకి ఎడమపక్క నిలబడ్డాడు. తన లెన్సుకి మూడు స్టాపులది బిగించుకున్నాడు మరి! ఓబయ్య సగం ఎక్కేసరికే కావలసినన్ని తీసేశాడు. ఇక చూడవలసింది ఒక్కటే. ఎదురుగా, కుళాయి గట్టు మీద జాహ్నవి.

జాహ్నవి లెన్సుకి అద్దం బిగించి కెమెరా కంటికి పెట్టుకుంది. దించింది. మళ్లీ పెట్టుకుంది. లోపల కారుచీకటి. ఉన్నది ఆ పాత కెమెరాయే గదా, దాంట్లోంచి చూస్తే మాను ఏదో మనిషి ఏదో తెలియదు. ఒకటి నొక్కి చూసుకుంది. మొహం వాడిపోయింది. ఇక అద్దం తీసేద్దామని తిప్పింది. తోపులాటలో ఊడిపోకూడదని గట్టిగా బిగించినట్టుంది, ఎండకి పట్టేసింది. కొంగుతో పట్టి తిప్పింది. పళ్లు బిగించి తిప్పింది. ఊహూ. అప్పుడు తలెత్తి జనంలో వెతికి, మునిశేఖర్‌ని చూసింది.

"బావా! ఇది ఊడి రాలే బావా! ఒక్కసారి రా!"

హార్మోనియం హోరులో కూడా ఆ పిలుపు స్పష్టంగా వినిపించింది. మునిశేఖర్ జేబులో రబ్బరు బ్యాండు ఉంది. దాన్ని అంచుకి తొడిగి తిప్పితే పట్టు దొరికి ఒక్క తిప్పుకే వచ్చేస్తుంది. పది అడుగులు వేస్తే చాలు. ఆయన వినపడనట్టు మాను పైకి చూశాడు. ఆమె రెండోసారి పిలిచింది. మూడోసారి పిలవలేదు.

అప్పుడు మెల్లిగా తల దించి చూశాడు. జాహ్నవి కెమెరాని కుళాయి గట్టు మీద తుండుగుడ్డ మడిచి పెట్టింది. ఏదో తిప్పింది, ఏదో నొక్కింది. తర్వాత రెండు చేతులూ కట్టుకుని పక్కన నిలబడింది. చేతులు కట్టేసుకుంది! అయిపోయింది, వదిలేసింది! మునిశేఖర్ గుండెల మీంచి బండ దించినట్టయింది. తీయ్ జానూ, తీయ్, మాట్లాడే మనుషుల్ని తీయ్ అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే పైన ఓబయ్య నిమ్మకాయలు విసిరాడు. చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా అటూ ఇటూ ఉరికారు. కొంగులు లేచాయి, చేతులు లేచాయి, ఎవరో ఈయన భుజాన్ని రాసుకుంటూ పోయారు. ఒక నిమ్మకాయ వచ్చి కాలి మీదే పడింది. ఆయన వంగలేదు, కదల్లేదు, కనురెప్ప వేశాడో లేదో కూడా తెలియదు. ఆమె ఓటమిని కళ్లారా తాగుతున్నవాడికి నిమ్మకాయలెందుకు?

ఉత్సవం ముగిసిన వారానికి, ఒక ఉదయం, ఇద్దరి ఫొటోలూ పెద్దవిగా అచ్చు వేయించి గుడి మండపంలో స్తంభానికి ఆనించి పెట్టారు. మునస్వామి, ఓబయ్య, గుడికి పూలు కట్టే జ్ఞానాంబ, కమిటీ వాళ్లు మరో నలుగురు. మునిశేఖర్ ఫొటో తళతళలాడుతోంది. అర్జునుడు, ఎత్తిన చెయ్యి, రుద్రాక్షలు, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. అందరూ తలలూపారు. కిందటేడు ఫొటో పక్కన పెడితే ఏది ఏ ఏడాదిదో పోల్చుకోలేరు, అది వేరే సంగతి.

తర్వాత జాహ్నవి ఫొటో మీది కాగితం తీశారు.

జనం లేరు. జనం ఉన్న చోట పొగ ఉంది. ఎర్రటి, పసుప్పచ్చని, తెల్లటి పొగ. చీరలన్నీ కలిసిపోయి మాను చుట్టూ పారే ఏరైపోయాయి. మాను ఒక్కటే కదలకుండా నిలిచింది. కొసన అర్జునుడు చెదిరీ చెదరనట్టు చిన్నగా ఉన్నాడు. కింద, ఆ ఏటి మధ్యలో, ఒక్క మనిషి. చొక్కా గుండీలు లెక్కపెట్టేంత తేటగా, మొహం మీది చెమట కూడా కనబడేలా, మునిశేఖర్.

"నేనేందబ్బా ఇంత సన్నంగా ఉండాను?" అన్నాడు ఓబయ్య.

"ఉండు ఓబయ్యా!" అని మునస్వామి ఫొటో దగ్గరికి పోయి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "ఇదెట్లా తీసినావమ్మా?"

"ఆ అద్దం పెడితే ఏడెనిమిది సెకన్లు తెరిచి పెట్టాల పెద్దాయనా. ఆ లోపల కదిలినోళ్లంతా కరిగిపోతారు. కదలనోళ్లే నిలుస్తారు" అంది జాహ్నవి.

"ఇంతమందిలో ఒగడే నిలబడినాడు సూడండప్పా! నిమ్మకాయలు పడతా ఉంటే గూడా కదల్లేదు. తపస్సు చేసింది ఓబయ్య గాదు, మన శేఖరు!" అన్నాడు మునస్వామి.

జ్ఞానాంబ రెండు చేతులూ జోడించింది. "ఆ సూపు సూడు నాయనా. ఈ లోకంలో లేడు. మొహంలో ఆ నవ్వు సూడు. ఎంత బత్తి!"

మునిశేఖర్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆ పొగలో చెదిరిన తలలన్నీ పైకి ఎత్తి ఉన్నాయి. తన తల ఒక్కటే ఎత్తి లేదు. ఎదురుగా, సూటిగా, కెమెరాలోకి చూస్తోంది. ఆ పెదాల చివర ఉన్న నవ్వు ఏమిటో ఆయన ఒక్కడికే తెలుసు. సిగ్గుతో చచ్చిపోవాలి నిజానికి. కానీ చెప్పొద్దూ, ఆయన కడుపులో మొదట లేచింది సిగ్గు కాదు. ఎంత బాగుందిరా ఈ ఫొటో, నా జన్మలో ఇలాంటిది ఒక్కటి తీశానా, అన్న మంట. తన పాడుబుద్ధిని అచ్చుగుద్దిన ఫొటోని చూసి కూడా, అది తను తీయలేదే అని కుళ్లుకున్నాడు మహానుభావుడు! సిగ్గు ఆ వెనక వచ్చింది. వచ్చి, కూర్చుంది.

కేలండర్‌కి ఆ ఫొటోనే అని ఒక్క నోటితో తేల్చేశారు. మునస్వామి మునిశేఖర్ వీపు తట్టాడు. "నీ పేరు లేకుంటే ఏమప్పా, నువ్వే ఉండావు గదా!"

బయట జాహ్నవి స్కూటీ దగ్గర నిలబడి హెల్మెట్ తుడుచుకుంటోంది. మునిశేఖర్ దగ్గరికి వెళ్లాడు.

"నన్ను కత్తిరించేసి ఉండొచ్చు గదా, జానూ" అన్నాడు.

"కత్తిరించి చూసినాను బావా. నువ్వు లేకుంటే వొట్టి పొగ."

గుళ్లోంచి జ్ఞానాంబ నవ్వు వినిపిస్తోంది.

"చెన్నై నుంచి వచ్చేటప్పుడు, నువ్వు నిద్రపోతా ఉన్నప్పుడు, ఫోన్లో చూసినా బావా" అంది జాహ్నవి, హెల్మెట్ మీదే చూపు ఉంచి. "ఒకరు గాదు, అందరూ అదే చెప్తా ఉండారు. ఎండలో ఇట్లాంటి ఫొటోకి మూడు స్టాపులది చాలు, పదిది పనికిరాదని. దిగినాక వాపసు పంపిద్దామా అనుకున్నా. మల్లా, బావ చెప్పినాడంటే ఊరికే చెప్పడు, ఏదో లెక్క ఉంటాది, ఆడికి పోతే తెలుస్తాదిలే అనుకున్నా."

మునిశేఖర్ స్కూటీ అద్దాన్ని వేలితో అటూ ఇటూ తిప్పాడు.

"ఏం లెక్క బావా అది?"

అబద్ధాలు చాలా ఉన్నాయి. కొట్టాయన తప్పు ఇచ్చాడనొచ్చు. నీకు ఇలాంటి ఫొటో రావాలనే చెప్పానని కూడా అనొచ్చు, ఆ పిల్ల నమ్మినా నమ్ముతుంది. ఆ ఆఖరిది నాలుక దాకా వచ్చింది కూడా. ఆమె తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"కుళ్లు, జానూ" అన్నాడు మునిశేఖర్. "వొట్టి కుళ్లు."

జాహ్నవి హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుంది.

"తెలుసు బావా. ఫొటోలో పడింది గదా" అని, బండి స్టార్ట్ చేసింది.